అనుమతి లేని నిరసనకు విశ్వాసి వెళ్లొచ్చా?

అందరికీ వందనాలు. మా సంఘంలో యవ్వనస్థుల కూడిక నేను నడిపిస్తాను. అల్లర్లు మొదలైనప్పటి నుంచి అక్కడ ఒకటే వాదన. ఒకరు రోమా 13 తీసి "అధికారులకు లోబడాలి, ఇంక మాట్లాడేదేముంది" అంటారు. ఇంకొకరు "మనుషులకు కాదు, దేవునికే లోబడాలి" అనే అపొస్తలుల కార్యములు 5:29 చూపిస్తారు.

పౌలు రోమా పత్రిక రాసింది క్రూరుడిగా పేరుపడ్డ నీరో చక్రవర్తి ఏలుబడిలో. కాబట్టి మంచి ప్రభుత్వానికే లోబడాలి అంటే కుదరదు. కానీ అదే పౌలును ఫిలిప్పీ పట్టణంలో అధికారులు విచారణ లేకుండా కొట్టించి, చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా పంపేయబోతే ఆయన కదల్లేదు. మేము రోమా పౌరులం, ఆ అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). వాళ్లు భయపడి, వచ్చి బతిమాలుకున్నారు కూడా! ఇది తిరుగుబాటు కాదు, నోరు మూసుకోవడమూ కాదు.

రాళ్లు వేయడం, బస్సులు తగలబెట్టడం తప్పని చెప్పడానికి నాకేం టెన్షన్ లేదు. చిక్కంతా శాంతియుత నిరసన దగ్గరే. హెబ్రీ మగబిడ్డల్ని చంపమన్న ఐగుప్తు రాజు ఫరో మాట మంత్రసానులు వినలేదు, రాజు నిషేధించినా దానియేలు ప్రార్థన మానలేదు, నిజమే. అక్కడ రాజాజ్ఞ నేరుగా దేవుని ఆజ్ఞకే అడ్డొచ్చింది. మరి వేరేవాళ్లకు జరిగిన అన్యాయం మీద, అనుమతి ఇవ్వకపోయినా రోడ్డెక్కొచ్చా? అరెస్టుకు సిద్ధపడి వెళ్తే అది లోబడటం కిందికే వస్తుందా?

కాపరులు, వాక్యం బాగా చదివినవాళ్లు లేఖనం చూపించి చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, ప్లీజ్.