పద్యనాటకం నేర్చుకోవాలంటే ఎవరి దగ్గర చేరాలి? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

సంగీతం_రాజాం

అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం డిప్లొమా ఈ ఏడాదే అయింది. వయసు 23. కచేరీకి కూర్చుంటే ధైర్యంగానే పాడతాను గానీ నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి అంతా పద్యనాటకం మీదే. మా ఊరి తీర్థంలో (జాతరలో) రాయబారం సీను చూస్తూ తెల్లారేదాకా కూర్చునేదాన్ని.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, రాగం వచ్చు, తాళం వచ్చు, కానీ లేచి నిలబడి ఎదుటి పాత్రని చూస్తూ పద్యం ఎత్తుకుంటే అది కచేరీలో శ్లోకంలా వస్తోంది, నాటకంలా రావడం లేదు. ఇది క్లాసులో చెప్పే విద్య కాదని అర్థమైంది. మా దగ్గర్లో ఒక నాటక సమాజం పెద్దాయన్ని అడిగితే "మాతో తిరుగు, చూసి నేర్చుకో, ఏడాది దాకా డబ్బు మాట ఎత్తకు" అన్నారు. ఇంకో చోట పద్యానికి ఇంత అని ఫీజు చెప్పారు. నాన్నకి ఇష్టమే, అమ్మకి మాత్రం రాత్రిళ్లు ఊళ్లు తిరగడం అంటే టెన్షన్.

ఎవరి దగ్గర చేరితే నిజంగా విద్య వస్తుంది? డబ్బులేకుండా తిరగడం ఈ రంగంలో మామూలేనా? గురువుగారిని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు? తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి.

పెట్టె_మాస్టారు_బొబ్బిలి

అమ్మా, నేను హార్మోనియం వాయిస్తాను, కాబట్టి నా మాట కొంచెం పెట్టె (హార్మోనియం) వైపే మొగ్గుతుంది, అయినా చెప్తాను. పద్యం నేర్చుకోవాలంటే వేషం కట్టే పెద్ద ఆర్టిస్టు దగ్గర కన్నా ముందు మంచి హార్మోనిస్టు దగ్గర చేరు. పెద్ద ఆర్టిస్టుకి తన బాణీ ఒక్కటే వచ్చు, అదే నీ గొంతులోకి ఎక్కిస్తాడు. హార్మోనిస్టు ఎంతోమంది కృష్ణుళ్లకీ, ద్రౌపదులకీ వాయించి ఉంటాడు, ఒకే పద్యాన్ని ఎవరెవరు ఎక్కడ ఎత్తుకున్నారో, ఎక్కడ ఊపిరి తీశారో వేళ్లలో ఉంటుంది.

శ్లోకంలా వస్తోంది అన్నావు, దానికి కారణం రాగం ముందు వస్తోంది, మాట వెనక వస్తోంది. నా దగ్గరికి వచ్చే పిల్లలకి ముందు పెట్టె తియ్యను. పద్యం వచనంలా చదవమంటాను, ఎదురుగా మనిషిని నిలబెట్టి అతనితోనే మాట్లాడుతున్నట్టు చదవాలి. ఉత్పలమాల తీసుకో. యతి పదో అక్షరం దగ్గర. కొత్తవాళ్లు అందరూ అక్కడ ఆగుతారు, లేదంటే పాదం చివర ఆగుతారు. కానీ మాట అక్కడ అవ్వదు కదా, ఒక పాదంలో మొదలైన మాట రెండో పాదంలోకి పోతుంది. అక్కడ ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలవుతుంది, వెనక బెంచీ మనిషికి అర్థం కాదు. కాబట్టి ముందు పెన్సిల్ పెట్టి అర్థం ఎక్కడ తెగుతుందో అక్కడ గీత గీసుకో, ఊపిరి అక్కడే. అది నోటికి వచ్చాక ఒక్క శ్రుతి మీద, రాగం లేకుండా చదువు. ఆ తర్వాతే మోహన అయినా, కల్యాణి అయినా.

రాగం సాగదీయడం చివర్లోనే, అదీ కోపమో, ఏడుపో, ఎత్తిపొడుపో నిండేంత వరకే. మన ఉత్తరాంధ్ర మనిషి పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడిగా అంత పేరు తెచ్చుకున్నది ఊరికే కాదు. రాగాలాపన తగ్గించి పద్యంలోని మాటని జనానికి చేరవేశారు. ఆయన తర్వాత కూడా వన్స్‌మోర్ కోసం రాగం సాగదీసేవాళ్లు ఉన్నారు, ఉంటారు, నువ్వు మాత్రం మొదట్లోనే ఆ అలవాటు చేసుకోకు.

డబ్బు సంగతి వేరేవాళ్లు చెప్తే బాగుంటుంది. నేను నేర్పేటప్పుడు తీసుకోను, కానీ అందరికీ ఆ వీలు ఉండదు, పద్యానికి ఇంత అని తీసుకునేవాళ్లని తప్పుపట్టను. ఒక్కటి మాత్రం చూసుకో. ఫీజు తీసుకుని ఫోన్‌లో రికార్డు పంపి "ఇలాగే పాడు" అంటే అది నేర్పడం కాదు.

పాలకొండ_కుర్రోడు

మాస్టారు చెప్పింది కరెక్టు. దానికి తోడు ఒక సలహా అక్కా. వీలైతే తూర్పు భాగవతం (పాట, ఆట కలిసిన మన వైపు వీధినాటకం) బృందం ఒకటి చూడు, మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంకా ఆడుతున్నారు. సత్యభామ వేషం మగవాళ్లే కట్టడం అక్కడి సంప్రదాయం, కాబట్టి నీకు వేషం ఇవ్వకపోవచ్చు. కానీ పాడుతూ, అడుగు వేస్తూ, మద్దెలతో మాట్లాడుతూ ఉండటం ఎలాగో అక్కడ కళ్లముందు కనిపిస్తుంది. నిలబడి ఎత్తుకుంటే శ్లోకంలా వస్తోంది అన్నావు కదా, ఆ ఇబ్బందికి ఇది పనికొస్తుంది. హరికథ కూడా అంతే, ఒక్క మనిషే కథ చెప్పాలి, పాడాలి, గజ్జె కట్టి ఆడాలి. మీ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారే కదా.

ద్రౌపది_వేషం

చెల్లీ, నేను ఇరవై ఏళ్లు దాటి ఈ స్టేజీల మీదే ఉన్నాను, నరసన్నపేట నుంచి సాలూరు దాకా ఆడని తీర్థం తక్కువ. నువ్వు అడిగిన మిగతా రెండు ప్రశ్నలకి నేను చెప్తాను.

ముందు నాటకం ఎలా నడుస్తుందో తెలుసుకో. సమాజం నాటకం వేరు, కాంట్రాక్టు నాటకం వేరు. కాంట్రాక్టు నాటకంలో ఒక్కో ఊరి నుంచి ఒక్కో ఆర్టిస్టు వస్తారు, ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు ఒకాయన, రెండో కృష్ణుడు ఇంకొకాయన. రిహార్సల్ ఉండదు, గ్రీన్‌రూమ్‌లో ముఖానికి రంగు వేసుకుంటూ "మీరు ఏ పద్యం దగ్గర అందుకుంటారు" అని అడిగి ఎక్కేయడమే. నేర్చుకునే అమ్మాయికి అది చోటు కాదు. అక్కడ నీకు ఎవరూ నేర్పరు, తప్పు పోతే ఎవరూ కాయరు. సమాజం అయితే వారానికి రెండు రోజులైనా రిహార్సల్ ఉంటుంది, అందరూ ఒక ఊరివాళ్లు, ఒకళ్ల ఇంట్లో వాళ్లు ఒకళ్లకి తెలుసు. మొదటి రెండేళ్లు సమాజంలోనే ఉండు. నిన్ను రమ్మన్న పెద్దాయన సమాజం వాళ్లో, కాంట్రాక్టరో ముందు అది తేల్చుకో.

డబ్బు మాట. నేర్చుకునేటప్పుడు పారితోషికం లేకపోవడం ఉంది, నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ పారితోషికం లేకపోవడం వేరు, నీ చేతి డబ్బు పెట్టుకుని తిరగడం వేరు. ప్రయాణం ఖర్చు, భోజనం, ఆట అయ్యాక ఉండే చోటు, ఇవి సమాజమే చూడాలి. చీరలు, నగలు, మేకప్ నువ్వు తెచ్చుకోవాలంటే ఆ ఖర్చు ఎవరిదో ముందే అడుగు. ఏ రోజు నుంచి నీకు వేషం ఇస్తారు, వేషం కట్టిన రాత్రికి ఎంత ఇస్తారు, ఇవి నోటిమాటగా కాదు, తెల్లకాగితం మీద రాయించుకో. గురువుగారు నొచ్చుకుంటారని భయపడకు. మర్యాదగా అడిగితే మంచి గురువు నొచ్చుకోడు, అడిగినందుకే పోట్లాడేవాడైతే ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోయిందని అనుకో.

మీ అమ్మగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. ఆట పదిగంటలకి మొదలై తెల్లారి నాలుగు దాకా సాగుతుంది, ఆ వేళకి బస్సులు ఉండవు. ఒక్కదాన్నే వెళ్లకు. సమాజంలో కనీసం ఇంకో ఆడమనిషి ఉండాలి, బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉండాలి. కొన్ని తీర్థాల్లో స్టేజీ వెనక గుడ్డ కట్టి అదే గ్రీన్‌రూమ్ అంటారు. కమిటీ వాళ్లతో ముందురోజే ఫోన్‌లో మాట్లాడి గది చూపించమనడం నాకు అలవాటు. గురువు ఎంత గొప్పవాడైనా సరే, పాఠం అతని ఇంట్లో, ఇంటివాళ్లు ఉన్నప్పుడే. ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు, నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చీపురుపల్లి_రసికుడు

కాగితాలు, లెక్కలు పెడితే గురుశిష్య సంబంధం ఎక్కడుంటుందమ్మా? ఘంటసాల గారు సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వచ్చినప్పుడు మధుకరం చేసుకుని (ఇంటింటా అన్నం అడుక్కుని) బతికారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. ఆ శిష్యుడు ఏ కాగితం మీద సంతకం పెట్టాడు? విద్య మీద గురి ఉంటే మిగతావి అవే వస్తాయి.

ద్రౌపది_వేషం

బాబాయ్ గారూ, మీరు చెప్పిన సంగతిని నేనూ నెత్తిన పెట్టుకుంటాను. కానీ అందులో గురువుగారు ఏం చేశారో చూడండి. శిష్యుడి దగ్గర తీసుకోలేదు, తన ఇంట్లో చోటు ఇచ్చారు. ఇప్పుడు ఈ అమ్మాయిని ఏడాది ఊరికే తిరగమంటున్నవాళ్లు ఏం ఇస్తున్నారు? అదే నేను అడగమంటున్నది. పైగా ఊరి గుమ్మాల్లో అన్నం అడుక్కుని చదువుకోవడం ఆ రోజుల్లో ఒక మగపిల్లాడికి సాధ్యమైంది, ఇప్పుడు ఒక ఆడపిల్ల తెల్లవారుజామున నాలుగింటికి బస్టాండులో కూర్చోవాల్సి వస్తే దాన్ని గురి అనలేం.

నాటకశాఖ_విశాఖ

డబ్బు దారులు కొన్ని చెప్తాను, వీటి గురించి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, నెలకి 5 వేలు, రెండేళ్లు. నాటకం, జానపద కళలు, శాస్త్రీయ సంగీతం అన్నీ అందులో వస్తాయి. గురువు దగ్గరో, సంస్థలోనో కనీసం 5 ఏళ్లు శిక్షణ తీసుకుని ఉండాలి. నీకు 23 కాబట్టి ఆలస్యం చెయ్యకు, ప్రకటన ఎప్పుడు పడుతుందో గమనిస్తూ ఉండు. సంగీత కళాశాల సర్టిఫికెట్లు భద్రంగా దాచుకో, నీ అయిదేళ్లు నిరూపించేది అవే. కొత్త గురువు దగ్గర చేరిన రోజు నుంచి కూడా ఏ తేదీన చేరావో ఉత్తరం తీసుకో, తర్వాత ప్రతి దరఖాస్తుకీ అది అడుగుతారు.

తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది, మన రాష్ట్రం దాని కిందకి వస్తుంది. కనుమరుగవుతున్న కళల కోసం గురుశిష్య పరంపర పథకం కింద గురువుకీ, వాద్యం వాయించేవారికీ, శిష్యులకీ నెలనెలా కొంత ఇస్తారు. పెట్టె మాస్టారు లాంటివాళ్లు దీనికి దరఖాస్తు పెడితే ఊరికే నేర్పాల్సిన అవసరం ఉండదు.

చదువుగా చేయాలనుకుంటే విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, నీకు దగ్గర. ఢిల్లీ జాతీయ నాటక పాఠశాల మూడేళ్ల కోర్సుకి డిగ్రీ ఉండాలి, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి. అందుకే సమాజంలో చిన్న వేషమైనా సరే కట్టిన ప్రతిసారీ కరపత్రం దాచు, ఫోటో దాచు. మనవాళ్లు ఇవి దాచరు, తీరా అవసరమైనప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా విభాగం ఉంది, పోటీకి వెళ్లే సమాజమైతే రిహార్సల్ గట్టిగా చేస్తారు, అలాంటిది దొరికితే వదలకు.

సంగీతం_రాజాం

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ నమస్కారాలు. ఆ పెద్దాయన నడిపేది సమాజమే, వాళ్లలో ఇద్దరు అక్కలు ఉన్నారట, ఇవాళే కనుక్కున్నాను. అమ్మని కూడా ఒక రిహార్సల్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా.

మాస్టారూ, ఒక సందేహం. కాలేజీలో నాది అయిదు శ్రుతి, అంటే పెట్టె మీద అయిదో తెల్లమెట్టు నా షడ్జం (స). సమాజంలో కృష్ణుడు వేషం ఆయన రెండు శ్రుతిలో పాడతారట. ఒకే సీనులో ఇద్దరం ఉంటే నేను ఆయన శ్రుతికి దిగాలా? దిగితే నా గొంతు కింద అసలు పలకదు.

పెట్టె_మాస్టారు_బొబ్బిలి

దిగొద్దు తల్లీ. రెండు శ్రుతికి మధ్యమం (మ) ఎక్కడ పడుతుందో పెట్టె మీద చూడు, సరిగ్గా నీ అయిదు మీదే పడుతుంది. ఆయన మధ్యమమే నీ షడ్జం. హార్మోనిస్టు ఆయన పద్యం అవ్వగానే మధ్యమం మీద నిలబడతాడు, నువ్వు అక్కడి నుంచి ఎత్తుకోవచ్చు, వినేవాళ్లకి శ్రుతి మారినట్టే తెలియదు. చిక్కు ఎక్కడంటే, ఆయన చివరి మాటకీ నీ మొదటి మాటకీ మధ్య నీకు దొరికేది ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆయన షడ్జం నీ చెవిలో మోగుతూ ఉంటుంది, కొత్తవాళ్లు దానికే పోయి తప్పు చోట ఎత్తుకుంటారు. ఇంట్లో తంబూరా యాప్ రెండు శ్రుతిలో పెట్టి, దాని మీద నీ అయిదులో పద్యం ఎత్తుకోవడం రోజూ చెయ్యి. పక్కన ఏది మోగినా నీ షడ్జం నీకు దొరకాలి.

ఇంకొకటి, రిహార్సల్‌లో మొదటి రోజు నుంచే కిరీటం పెట్టుకుని పాడు, రాణి వేషానికి కూడా ఉంటుంది. ఆ బరువుకి మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే పై స్థాయిలో గొంతు పట్టేస్తుంది. ఆట రోజు రాత్రి అది కొత్తగా తెలిస్తే కష్టం.

ద్రౌపది_వేషం

అమ్మని తప్పకుండా తీసుకెళ్లు. ఒక రిహార్సల్‌కే కాదు, మొదటి తీర్థానికి కూడా. మా అమ్మ మొదటి రెండు సీజన్లూ నా వెంటే వచ్చింది, సమాజం వాళ్లు ఆమెకీ భోజనం పెట్టేవారు. ఆ సంగతి కూడా కాగితంలో ఒక లైను రాయించు.