విశ్వవిద్యాలయ గ్రంథాలయ వెబ్‌సైట్లకు మార్కులు వేయడంలో ఒక చిక్కు

ప్రశ్న (పరిశోధక విద్యార్థి):
విశ్వవిద్యాలయ గ్రంథాలయాల వెబ్‌సైట్లలో ఏయే సమాచారం, ఏయే సేవలు ఉన్నాయో మదింపు చేయడం నా పరిశోధనాంశం. పనివేళలు, ఆన్‌లైన్ క్యాటలాగు, ఈ-జర్నళ్లు, సిద్ధాంత గ్రంథాలు, లైబ్రేరియన్‌ను అడిగే సదుపాయం మొదలైన 60 అంశాలతో పట్టిక వేసుకుని, ఉన్నదానికి 1, లేనిదానికి 0 ఇస్తూ వచ్చాను. తీరా చూస్తే, వాడడానికి నాకే అన్నిటికంటే కష్టమనిపించిన సైటుకు అత్యధిక మార్కులు వచ్చాయి. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1 (గ్రంథాలయాధికారి):
మీ పట్టిక ఒక సేవ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. అది పాఠకుడికి అందుతోందా అన్నది చెప్పదు. ఒకసారి ఒక విద్యార్థికి వ్యాసం శీర్షిక ఇచ్చి, పూర్తి పాఠం తెరవమని పక్కన కూర్చుని చూశాను. అతను ముఖపుటలోని వెతుకుపెట్టెలో శీర్షిక టైపు చేశాడు. ఆ పెట్టె పుస్తకాల క్యాటలాగును మాత్రమే వెతుకుతుందని అక్కడ ఎక్కడా రాసి లేదు. 'ఫలితాలు లేవు' అని రాగానే ఆ వ్యాసం మన దగ్గర లేదనుకుని లేచిపోయాడు. నిజానికి ఆ జర్నల్‌కు మేము చందా కడుతున్నాం. అది 'ఈ-వనరులు' అనే మెనూలో ఉంది. మీ పట్టికలో క్యాటలాగుకూ ఈ-జర్నళ్లకూ చెరొక మార్కు పడి ఉండేది. అందుకే నలుగురైదుగురు విద్యార్థులకు ఇలాంటి పనులు అప్పగించి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోండి. క్యాంపస్ బయటి నుంచి లాగిన్ అయి వ్యాసం తెరవడం వాటిలో తప్పనిసరిగా ఉండాలి.

జవాబు 2 (వెబ్ రూపకర్త):
చూపు లేని, చూపు మందగించిన పాఠకులను మరచిపోవద్దని నా మనవి. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవారికీ అందుబాటులో ఉండేలా వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2023లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకాలు ఇందుకు మంచి కొలబద్ద. వాటిలోని మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలి. మౌసు ముట్టకుండా, కీబోర్డుతోనే క్యాటలాగులో ఒక పుస్తకం వెతికి చూడండి. బొమ్మలుగా స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌లను స్క్రీన్ రీడర్ (తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేదు కనుక, సిద్ధాంత గ్రంథాలను కూడా కొన్ని తెరచి పరీక్షించాలి.

జవాబు 3 (అధ్యాపకురాలు):
పద్ధతి గురించి ఒక్క మాట. మీరు ఒక్కరే మార్కులు వేస్తే అది మీ అభిప్రాయంగానే మిగిలిపోతుంది. మరొకరి చేత విడిగా వేయించి, ఇద్దరికీ ఎంతవరకు పొంతన కుదిరిందో కోహెన్ కప్పా అనే గణాంక కొలతతో లెక్కకట్టండి. సైట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి, ప్రతి పుటనూ చూసిన తేదీ వేసి, తెరచిత్రం (స్క్రీన్‌షాట్) దాచుకోవడం మరవకండి.