కుళాయి నీళ్లు మొదట పసుప్పచ్చగా వస్తున్నాయి, మీటర్‌లో మాత్రం ‘గుడ్’. ఏది నమ్మాలి?

కాలవ_చివరి_ఊరు
మాది ప్రకాశం జిల్లాలో సాగర్ కుడి కాలవ కింద చిన్న టౌను. కాలవ వదిలినప్పుడు ఎస్ఎస్ ట్యాంకు, అంటే వేసవికి నీళ్లు నిల్వచేసే చెరువు, నింపుకుంటారు. అక్కణ్ణించి ఫిల్టర్ బెడ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు, తర్వాత మా వీధి. రోజు విడిచి రోజు తెల్లవారుజామున ముప్పావు గంట వదులుతారు. ఈ మధ్య మొదటి రెండు మూడు బిందెలు పసుప్పచ్చగా, సైడుకాలవ వాసనతో వస్తున్నాయి. ఆ తర్వాత తేటపడతాయి. వీధిలో ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

ఫిల్టర్లు అమ్మే అతను వచ్చి టీడీఎస్ మీటర్ ముంచి “310 అండీ, మంచి వాటర్” అన్నాడు. ఆ వెంటనే ఆర్వో మెషిన్ కొనమని బ్రోచర్ చేతిలో పెట్టాడు. మంచివైతే మెషిన్ ఎందుకో నాకు అర్థం కాలేదు. తాగడానికి టిన్ను వేయించుకుంటున్నాం గానీ మిగతావన్నీ కుళాయి నీళ్లే. మీ ఊళ్లలో ఇలా వస్తే ఏం చేశారో చెప్పండి.

పాత_ఫిట్టర్
ముందు ఒకటి చూడండి. మెయిన్ నుంచి మీ ఇంటికొచ్చే పైపు సైడుకాలవ దాటుకుని వస్తోందా? చిన్న టౌన్లలో నూటికి తొంభై ఇళ్లకు అలాగే వేస్తాం, వేరే దారి ఉండదు. జీఐ పైపు (జింకు పూత ఇనప పైపు) అయితే సరిగ్గా కాలవ నీళ్లు తగిలేచోట, ఎల్బో మరల దగ్గర తుప్పు తింటుంది. పైకి బాగానే కనబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చు ఊడొస్తుంది, కింద సూది బెజ్జాలు.

నీళ్లు వదిలినంతసేపు ఆ బెజ్జంలోంచి మంచినీళ్లు బయటికి కారతాయి తప్ప ఏమీ కాదు. వాల్వు కట్టేశాకే గొడవ. లైను ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది, కాలవలో ఏముంటే అదే పైపులోకి పోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మీ ఇంటికి ముందుగా వచ్చే బిందె అదే. అనుమానంగా ఉంటే నీళ్లు ఆగిపోయే టైముకి కుళాయి తిప్పి ఉంచి, మూతికి తడి కాగితం అడ్డం పెట్టండి. చాలాచోట్ల అతుక్కుపోతుంది. వీధిలో ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి ఉంటే ఇంకా జోరుగా లాగుతుంది. వాళ్లకి నీళ్లు, పక్కింటికి మురుగు.

కాలవ_చివరి_ఊరు
మోటార్లా? మా వీధిలో మోటారు లేని ఇల్లు చెప్పమంటే వేళ్ల మీద చెప్పొచ్చు.

ల్యాబ్_సీసా
నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మీటర్ సంగతి చెప్తాను.

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందని. దాన్నిబట్టి కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని లెక్క కట్టి చూపిస్తుంది. సూక్ష్మక్రిములకు దానికి సంబంధమే లేదు. ఫ్లోరైడ్ ఎంతో కూడా విడిగా చెప్పలేదు. బిందెడు మంచినీళ్లలో చెంచాడు మురుగు కలిపినా అంకె పెద్దగా కదలదు. తాగునీళ్లకు మన దేశంలో పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి మీ 310తో ఏ పేచీ లేదు. మీరు అడగాల్సిన అంకె వేరే: కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత మిగిలిందని. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర కాదు, మీ కుళాయి దగ్గర. ట్యాంకు దగ్గర బాగా ఉండి మీ ఇంటికొచ్చేసరికి సున్నా అయిందంటే దారిలో ఏదో దాన్ని తినేస్తోందన్నమాట.

చూడటం కష్టమేమీ కాదు. క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, దాన్ని పక్కనున్న రంగులతో పోల్చుకోవాలి. రంగు రాలేదంటే క్లోరిన్ లేదు. మీ వార్డు ఎమినిటీస్ సెక్రటరీని గానీ ఏఎన్ఎంని గానీ అడగండి. మొదటి బిందెకీ, నీళ్లు తేటపడ్డాకా విడివిడిగా చూపించమనండి.

నల్లా_నల్లగొండ
మాది మర్రిగూడ దిక్కు. మా తాత తరం బోరు నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లు. ఇప్పుడు ఇంటికి భగీరథ నల్లా ఉంది, కృష్ణా నీళ్లు వస్తాయి. అయినా చాలామంది ప్లాంటు నుంచి క్యాన్లు మోసుకొస్తారు. ఎందుకంటే నల్లా నీళ్లు “బ్లీచింగ్ వాసన” అంట! క్యాన్ నీళ్లు తియ్యగా ఉంటాయంట. నాకు అడగాలని ఉంది, ఆ వాసన చెడ్డదా?

ల్యాబ్_సీసా
అది క్లోరిన్ వాసనే. లేతగా ఉంటే సంతోషించండి. బిందెలో పట్టి మూత వారగా పెట్టి కాసేపు ఉంచితే తగ్గిపోతుంది. ముక్కు అదిరేలా ఉంటే మోతాదు ఎక్కువైందని చెప్పి కంప్లెయింట్ ఇవ్వొచ్చు. ఏ వాసనా రాని నీళ్లంటేనే నాకు టెన్షన్.

దర్శి_బాబాయ్
ఫ్లోరైడ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు సంగతి మొదట రికార్డుకెక్కింది మా దర్శి ప్రాంతం నుంచే, 1937లో. అప్పటికి మేం నెల్లూరు జిల్లా. మా ఈడువాళ్ల పళ్లు చూస్తే ఎవరు ఏ బోరు తాగి పెరిగారో చెప్పేయొచ్చు, పసుపు చారలు, గోధుమ రంగు గార. అందుకే మా ఇళ్లలో ఆడవాళ్లు కాలవ నీళ్లయితే మురికైనా పర్వాలేదు, కాచుకుంటాం అంటారు. బోరు నీళ్లు కాస్తే ఏమీ లాభం లేదని వాళ్లకి బాగా తెలుసు.

ల్యాబ్_సీసా
లాభం లేకపోవడమే కాదు బాబాయ్, కాచేకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గతిలేకపోతే 1.5. దానికి ఆర్వో పనిచేస్తుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి కూడా ఉంది, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేసింది. కానీ అసలు ప్రశ్న వేసిన వారిది కాలవ నీళ్లు, ఆ గొడవ వేరు.

ఆర్వో_అభిమాని
ఇంత చర్చ ఎందుకండీ. పన్నెండు వేలు పెడితే మంచి ఆర్వో వస్తుంది, ఇంటిల్లిపాదీ హాయి. మా ఇంట్లో 40 చూపిస్తుంది. మా షాపతను కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటిచ్చి చూపించాడు, నీళ్లు బురదలా అయిపోయాయి. ఆర్వో నీళ్లు అలాగే తెల్లగా ఉన్నాయి. కళ్లతో చూశాను.

ల్యాబ్_సీసా
ఆ కడ్డీల గారడీకి ఇప్పటికీ జనం పడిపోతున్నారు! ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోది. ఇనప కడ్డీకి కరెంటు ఇస్తే ఇనుము కరిగి తుప్పు రంగు తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు లేవు, కరెంటు పారదు, అందుకని ఏమీ జరగదు. ఈసారి వస్తే ఆర్వో నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూపించమనండి.

310 టీడీఎస్‌కి ఆర్వో అవసరం లేదు. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. టీడీఎస్ 500 లోపున్నచోట ఆర్వోలను కట్టడి చేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. వీళ్లకు యూఎఫ్ (సన్న బెజ్జాల వడపోత పొర), యూవీ (క్రిముల్ని చంపే అతినీల వెలుగు) ఉన్న మామూలు ఫిల్టర్ సరిపోతుంది. ఒకటే మెలిక, నీళ్లు మడ్డిగా ఉంటే యూవీ వెలుగు లోపలిదాకా పోదు. కాబట్టి మొదటి బిందెలు ఫిల్టర్‌లో పోయనేకూడదు.

భీమవరం_వదిన
మా వైపు కాలవలు కట్టేశాక చెరువు నీళ్లే. ఏప్రిల్, మే వచ్చేసరికి పాచి వాసన, ఆకుపచ్చ రంగు. మా అత్తగారు ఇప్పటికీ చిల్లగింజ అరగదీసి బిందెలో కలుపుతారు. పొద్దున్నకి అడుగున మడ్డి అంగుళం మందాన కూర్చుని పైన అద్దంలా ఉంటాయి నీళ్లు. అలా తేరాక ఇంక కాచక్కర్లేదు అంటారావిడ. నేను వినను, కాచే పోస్తాను. ఆవిడకి తెలియకుండా.

ఏఎన్ఎం_అక్క
వదిన చేసేదే కరెక్టు. చిల్లగింజ గానీ పటిక గానీ మడ్డిని దింపుతాయి, క్రిములన్నిటినీ చంపవు. తేర్చడం వేరు, కాచడం వేరు. తెర్లు వచ్చాక ఒక నిమిషం మరగనిచ్చి దించితే చాలు, పావుగంట కాచి గ్యాసు తగలెయ్యక్కర్లేదు.

పైన ఎవరూ అడగనిది నేను అడుగుతాను. టిన్ను నీళ్లు తాగుతున్నాం అంటారు కదా, మజ్జిగలో కలిపేవి ఏ నీళ్లు? రోటిపచ్చడి జారుగా చేయడానికి పోసేవి? కొత్తిమీర కడిగి పచ్చిగా చల్లేది? విరేచనాల ఇళ్లకు వెళ్లి అడిగితే అందరూ “మినరల్ వాటరే తాగుతాం అక్కా” అంటారు, పెరుగన్నంలోకి మాత్రం కుళాయి కింద గ్లాసు పెడతారు. అన్నం, పప్పు ఉడుకుతాయి కాబట్టి పర్వాలేదు. ఉడకనివి చూసుకోండి. బిందెలో చెయ్యి ముంచి చెంబు తియ్యొద్దు, కాడ ఉన్న గరిటె వాడండి.

పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి. జింక్ మాత్రలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. మాకు తప్పకుండా చెప్పండి, ఒక వీధిలో ఒకేసారి ఇన్ని కేసులని మా రిపోర్టులో ఎక్కితే నీళ్ల వాళ్లు తవ్వడానికి వస్తారు. ఎవరికి వారు ప్రైవేటులో చూపించుకుని ఊరుకుంటే మా లెక్కలో ఆ వీధి బ్రహ్మాండంగా ఉన్నట్టే. 2018లో గుంటూరులో, 2024లో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ఎలా పాకిందో మర్చిపోకండి.

నల్లా_నల్లగొండ
క్యాన్ నీళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

భీమవరం_వదిన
నేను చెప్తా. మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టు అని హెచ్‌టూఎస్ సీసాలు తెచ్చాడు, లోపల మందు పట్టించిన కాగితం ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే మలం తాలూకు క్రిములున్నట్టు అనుమానించాలి. కుళాయిది, కాచినది, టిన్నుది పెట్టాడు. టిన్నుది సిరాలా నల్లబడింది! మా వీధి చివర ప్లాంటే, పేరెందుకు. వెళ్లి చూస్తే టిన్నులు సబ్బు లేకుండా ఊరికే తొలిపి పట్టేస్తున్నారు, మూతలు నేలమీద గుట్ట.

ల్యాబ్_సీసా
జరుగుతుంది. ఆర్వో దాటిన నీళ్లలో క్లోరిన్ మిగలదు. ఆ తర్వాత టిన్నులో ఏం చేరినా ఆపేవాడు లేడు. టిన్ను ఎండలో పెట్టి, నాలుగు రోజులు వాడితే ఇంకా ఘోరం. లోపల చెయ్యి పెట్టి చూడండి, జిగురుగా తగిలితే ఆ టిన్ను వెనక్కి ఇచ్చేయండి.

కాలవ_చివరి_ఊరు
అప్‌డేట్. క్లోరోస్కోప్ పట్టుకుని సచివాలయం నుంచి అమ్మాయి వచ్చింది. మొదటి బిందెకి రంగు అస్సలు రాలేదు, ఆఖరి బిందెకి లేత పసుపు. వీధి మొదట్లో ఇంటికి మాత్రం మొదటి నుంచీ రంగు వచ్చింది. అంటే తేడా మధ్యలోనే. ఏఎన్ఎం గారికి కేసులు రాయించి, సోమవారం పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల ఫిర్యాదులు తీసుకునే చోట, అర్జీ పెట్టాం. మూడు ఇళ్ల అవతల కల్వర్టు కింద తవ్వితే సాడిల్ (మెయిన్‌కి ఇంటి పైపు తగిలించే బిగింపు) పక్కకి జరిగి, చుట్టూ నల్లటి బురద. కొత్తది వేశారు. మోటార్ల మీద మాత్రం వీధిలో పెద్ద గొడవైంది. “ముందు పైఇంటి వాళ్లని తీయమను, తర్వాత నేను తీస్తా” అని ప్రతివాడూ అదే మాట.

ఒక్క డౌటు. ఇన్నాళ్లూ ఆ నీళ్లే మేడ మీద వెయ్యి లీటర్ల సింటెక్స్‌లోకి ఎక్కాయి. ఏం చేయాలి?

పాత_ఫిట్టర్
మోటార్లు తీయించడం అంత తేలిక కాదు. సంపు కట్టుకుని కుళాయి నీళ్లు వాటంతటవి అందులో పడేలా పెట్టి, సంపులోంచి మోటారు వేసుకోమనండి. అప్పుడు లైను మీద లాగుడు ఉండదు. సంపు మూత మాత్రం నేలకి జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే వాననీళ్లు దిగుతాయి.

ల్యాబ్_సీసా
ట్యాంకు ఖాళీ చేసి అడుగు మడ్డి ఎత్తి, గోడలు బ్రష్‌తో రుద్ది కడగండి. మళ్లీ నింపి దాదాపు 150 గ్రాముల బ్లీచింగ్ బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రం పోయండి. ఇంట్లో కుళాయిలన్నీ ఘాటు వచ్చేదాకా ఒకసారి తిప్పి కట్టేసి, రాత్రంతా అలా ఉంచండి, పైపులు కూడా శుభ్రపడతాయి. పొద్దున్నే మొత్తం వదిలేసి, కొత్త నీళ్లతో తొలిచి వాడుకోండి. ఆ రాత్రి నీళ్లు ఎవరూ వాడకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ట్యాంకులోకి దిగి బ్లీచింగ్ కలపొద్దు, యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ దాంతో కలపొద్దు. ఈ లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడికి. ఎప్పుడో విప్పి మూలన పడేసిన బస్తాలోదైతే ఎంత పోసినా సున్నం పోసినట్టే, మూత తీస్తే ఘాటు తగలాలి.

కాలవ_చివరి_ఊరు
ఆదివారం పని పెట్టుకుంటాను. ఎదురింటాయన కూడా వస్తానన్నాడు. ఆయన ట్యాంకుకైతే అసలు మూతే లేదు, పెద్దగాలికి ఎగిరిపోయిందట.