12 న్యూటన్లతో లాగితే దిమ్మె వెనక్కి పోతుందా?

ప్రశ్న: నేల మీద 5 కిలోల దిమ్మె. స్థైతిక (కదలక ముందు) ఘర్షణ గుణకం 0.4, గతిక (కదిలేటప్పటి) ఘర్షణ గుణకం 0.3, గురుత్వ త్వరణం 10 మీ/సె². అడ్డంగా 12 న్యూటన్ల బలంతో లాగాను. బరువు 5 × 10 = 50 కాబట్టి ఘర్షణ 0.4 × 50 = 20 న్యూటన్లు వస్తోంది. అంటే నికర బలం వెనక్కి 8 న్యూటన్లా?

జవాబు 1: కాదండి. 20 అనేది స్థైతిక ఘర్షణకు గరిష్ఠ హద్దు మాత్రమే. దిమ్మె కదలనంత వరకు ఎంత లాగితే అంతే ఎదురొస్తుంది, ఇక్కడ 12. నికర బలం సున్నా. 25తో లాగితే హద్దు దాటింది కాబట్టి గతిక గుణకం వాడాలి: 0.3 × 50 = 15, మిగిలింది 10, త్వరణం 2 మీ/సె². ముందు హద్దుతో పోల్చండి, ఆ తర్వాతే సూత్రం.

జవాబు 2: అభిలంబ బలం (నేల దిమ్మెను నిలువుగా పైకి నెట్టే బలం) ఎప్పుడూ బరువుకు సమానం అనుకోకండి, పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. 20 న్యూటన్లతో 30 డిగ్రీలు పైకి వంచి లాగితే, నిలువు అంశం 10 కాబట్టి అభిలంబ బలం 40. హద్దు 16కు దిగింది. అడ్డ అంశం 17.3, కదులుతుంది! కదిలాక ఘర్షణ 0.3 × 40 = 12, త్వరణం (17.3 − 12) / 5, సుమారు 1.06 మీ/సె².

ప్రశ్న అడిగినవారు: అదే కోణంలో కిందికి నెడితే?

జవాబు 2: అభిలంబ బలం 60, హద్దు 24. అడ్డ అంశం 17.3 మాత్రమే, కదలదు.