బాగానే ఆడతాడు, గొప్పోడేం కాదు: అలాంటి క్వార్టర్‌బ్యాక్‌కి ఏడాదికి 50 మిలియన్లు ఇవ్వొచ్చా? (నలుగురు అభిమానుల ఫోరమ్ చర్చ; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

మూడో డౌన్ పది గజాలు:

2025 మే నెలలో NFL (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) బ్రాక్ పర్డీకి ఐదేళ్లకు 265 మిలియన్ డాలర్లు ఇచ్చారు, అంటే ఏడాదికి 53. 2024 వేసవిలో మిగతా జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు గోఫ్‌కి 53, టువాకి 53.1, ట్రెవర్ లారెన్స్‌కి 55, జోర్డన్ లవ్‌కి 55, సెప్టెంబర్‌లో డాక్ ప్రెస్కాట్‌కి ఏకంగా 60. 2023లో జో బరో తీసుకున్నదీ 55 మిలియన్లే. బరో, లారెన్స్ ఒకే ధర అంటే ఎక్కడో లెక్క తప్పుతున్నట్టే కదా?

మహోమ్స్, జాష్ అలెన్, లమార్ సంగతి నేను అడగడం లేదు, వాళ్లకెంత ఇచ్చినా తక్కువే. నా సందేహమంతా ఆ తర్వాతి మెట్టు మీదున్న వాళ్ల గురించి. చుట్టూ మంచి జట్టు ఉంటే గెలిపిస్తారు, లేకపోతే వాళ్లూ మునుగుతారు. అలాంటి ఒక్కడికి క్యాప్‌లో (జట్టు ఏడాదికి జీతాల మీద పెట్టగల ఖర్చుకి లీగ్ పెట్టిన పరిమితి) ఐదో వంతు పోస్తే ఆ "చుట్టూ మంచి జట్టు"కి డబ్బెక్కడిది? పోనీ వదిలేస్తే ఏం చేయాలి? "క్వార్టర్‌బ్యాక్ లేనిదే ఏమీ లేదు" అన్న మాట వద్దు, అంకెలతో చెప్పండి.

క్యాప్ లెక్కలు:

ముందు డాలర్లు పక్కన పెట్టి శాతాల్లో చూడండి. సాలరీ క్యాప్ 2013లో 123 మిలియన్లు, 2023లో 224.8, 2024లో 255.4, 2025లో 279.2. సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన ఊపులో 2013లో ఫ్లాకో తీసుకున్నది ఏడాదికి 20.1 మిలియన్లు. ఇప్పుడు చిల్లరలా కనిపిస్తుంది గానీ ఆనాటి క్యాప్‌లో అది 16 శాతం పైనే. 2019లో ర్యామ్స్ గోఫ్‌కి ఇచ్చిన 33.5 మిలియన్లు దాదాపు 18 శాతం. 2023లో డేనియల్ జోన్స్‌కి జెయింట్స్ ఇచ్చిన 40 కూడా అంతే. లారెన్స్, లవ్‌లది ఇరవై ఒకటిన్నర, డాక్‌ది ఇరవై మూడున్నర. పర్డీది 19. కాబట్టి "53 మిలియన్లా!" అని గుండెలు బాదుకునే ముందు ఏ ఏడాది క్యాప్‌లో అన్నది చూడాలి.

ఇంకో మెలిక ఉంది. 53 అన్నది కొత్తగా కలిపిన ఐదేళ్ల సగటు. సంతకం నాటికి పర్డీ పాత ఒప్పందంలో 2025 ఇంకా మిగిలే ఉంది, దానికి 5 మిలియన్ల పైచిలుకు. రెండూ కలిపి ఆరేళ్లకు పంచితే ఏడాదికి 45 దగ్గర తేలుతుంది. ఏజెంట్లు పత్రికలకు చెప్పేది 53, జట్టు నిజంగా మోసేది 45.

ఇక "ఐదో వంతు పోతే జట్టు ఎలా కడతారు" అన్న ప్రశ్న. స్టీవ్ యంగ్ 1994లో క్యాప్‌లో 13.1 శాతం తీసుకుని సూపర్‌బౌల్ గెలిచాడు, చాలా ఏళ్లు దాన్ని ఎవరూ దాటలేదు. 2022లో మహోమ్స్ 17 శాతంతో దాటాడు. ఆ ఏడాది మార్చిలోనే అతని జట్టు చీఫ్స్ స్టార్ రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామీకి అమ్మేసి, బదులుగా వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌లతో (కాలేజీ ఆటగాళ్లను వరస ప్రకారం ఎంచుకునే హక్కులు) చవగ్గా కుర్రాళ్లను నింపుకున్నారన్నది మర్చిపోవద్దు. అంత ఇచ్చి గెలవొచ్చు, కానీ ఇంకెక్కడో కోసుకోవాల్సిందే. ఆ కోతను తట్టుకుని ఆడేవాడు మహోమ్స్. మీరడుగుతున్న మెట్టు వాళ్లు తట్టుకోలేరన్నదే అసలు ఇబ్బంది.

ఈ పేచీ అంతా లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందంతో మొదలైంది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 78 మిలియన్లు, అందులో 50 గ్యారంటీ. మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 22. రూకీ (డ్రాఫ్ట్ నుంచి కొత్తగా వచ్చిన) క్వార్టర్‌బ్యాక్ అంత చవకైపోయాక మిగిలిన డబ్బంతా డిఫెన్స్‌లో, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో పెట్టి గెలవడం అందరికీ అలవాటైంది. 2013లో రస్సెల్ విల్సన్ క్యాప్‌లో ఒక మిలియన్ కూడా తినలేదు, అతని జట్టు సీహాక్స్ సూపర్‌బౌల్ కొట్టారు. అలా మూడు నాలుగేళ్లు బాగా గడిచాక అదే కుర్రాడు రెండో ఒప్పందానికి వస్తాడు. అతని అంకెల వెనక ఆ చవక రోజుల జట్టు ఉంది, కానీ జీతం అడిగేది అతనొక్కడే.

ఎడమ టాకిల్:

పైన లెక్కలు సరే గానీ వదిలేస్తే ఏమవుతుందన్న సగం ఎవరూ చెప్పలేదు.

2015 సీజన్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ మ్యానింగ్ రిటైరయ్యాక డెన్వర్ ఏం చేసిందో చూడండి. సీమియన్, లించ్, ఆస్వైలర్, కీనమ్, ఫ్లాకో, లాక్, బ్రిడ్జ్‌వాటర్. ఒక్కడూ నిలబడలేదు. చివరికి విసిగిపోయి 2022లో రస్సెల్ విల్సన్ కోసం రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, పైగా ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చి, అతను కొత్త జట్టుకి ఒక్క స్నాప్ ఆడకముందే 245 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ రాసిచ్చారు. మంచి క్వార్టర్‌బ్యాక్‌కి ఎక్కువ ఇవ్వడం కన్నా, ఆకలి మీదుండి సంతకెళ్లడమే ఖరీదు.

"డ్రాఫ్ట్‌లో తెచ్చుకోవచ్చు" అంటారా? 2021 ఫస్ట్ రౌండ్‌లో ఐదుగురు వచ్చారు: లారెన్స్, జాక్ విల్సన్, ట్రే లాన్స్, ఫీల్డ్స్, మ్యాక్ జోన్స్. తీసుకున్న జట్టు దగ్గరే రెండో ఒప్పందం దాకా వచ్చింది లారెన్స్ ఒక్కడే. లాన్స్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు పోసిన అదే శాన్‌ఫ్రాన్సిస్కోకి చివరికి దారి చూపినవాడు పర్డీ, 2022లో 262వ పిక్, అంటే ఆ డ్రాఫ్ట్‌లో ఆఖరివాడు. ఇది పద్ధతి కాదు, లాటరీ.

అసలు గోఫ్ సంగతే చూడండి. రెండు పక్షాలకూ సాక్షి అతనే. ర్యామ్స్ 2019లో 134 మిలియన్లిచ్చి, రెండేళ్లు తిరక్కుండా డెట్రాయిట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని తెచ్చుకోవడానికి గోఫ్‌తో పాటు రెండు ఫస్ట్ రౌండ్, ఒక థర్డ్ రౌండ్ పిక్ ఎదురిచ్చి వదిలించుకున్నారు. 22 మిలియన్లు డెడ్ మనీ (ఆటగాడు వెళ్లిపోయినా క్యాప్ మీద పడే పాత ఒప్పందం డబ్బు) కూడా మోశారు. ఆ ఏడాదే సూపర్‌బౌల్ గెలిచారు. ఇక్కడితో ఆపేస్తే మీ వాదనే నెగ్గుతుంది. కానీ అదే గోఫ్ డెట్రాయిట్ లయన్స్‌లో 2023 సీజన్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, 2024లో 15 గెలుపుల దాకా వెళ్లాడు. మనిషి మారలేదు. ముందు పెనై సూయెల్‌తో కూడిన లైన్, బెన్ జాన్సన్ ప్లే కాలింగ్ (ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో చెప్పడం), నాలుగో రౌండ్‌లో దొరికిన రిసీవర్ సెయింట్ బ్రౌన్. పైగా సైనింగ్ బోనస్ తాలూకు డెడ్ మనీ ర్యామ్స్ నెత్తిన ఉండిపోయింది కాబట్టి లయన్స్‌కి అతను చవగ్గా పడ్డాడు.

కాబట్టి "మంచివాడికి డబ్బివ్వొద్దు" అనడం తప్పు. లైన్, ప్లే కాలర్ ముందే ఉన్న జట్టు ఇస్తే పని చేస్తుంది. అవి లేని జట్టు, "ఇతనే అన్నీ సర్దుకుంటాడు" అని ఇస్తే మునుగుతుంది.

క్యాప్ లెక్కలు:

లయన్స్ ఆ 15 గెలుపుల తర్వాత ప్లేఆఫ్స్‌లో ఎవరి చేతిలో ఓడారు? రూకీ జీతం మీదున్న జేడెన్ డేనియల్స్ చేతిలో, 45-31. ఒక్క ఆటతో ఏదీ రుజువవదు, ఊరికే గుర్తు చేస్తున్నా.

డెన్వర్ కథకు కూడా రెండో సగం ఉంది. విల్సన్‌ని 2024 మార్చిలో వదిలేస్తే 85 మిలియన్లు డెడ్ మనీ పడింది, 2024లో 53, 2025లో 32. అంత బరువుతోనే 2024లో బో నిక్స్ అనే రూకీతో 10-7 (గెలుపులు-ఓటములు) చేసి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. అదే ఏడాది మిన్నెసోటా కూడా పాత క్వార్టర్‌బ్యాక్ కజిన్స్ తాలూకు 28.5 మిలియన్లు డెడ్ మనీ మోస్తూనే, పది మిలియన్లకు ఏడాది ఒప్పందం మీద తెచ్చుకున్న డార్నల్డ్‌తో 14-3. డెడ్ మనీ వల్ల జట్టు చచ్చిపోదు. ఖరీదైన క్వార్టర్‌బ్యాక్‌తో పాటు డెడ్ మనీ కూడా ఉంటేనే ఊపిరాడదు.

గ్యారంటీ తేదీ:

ఇద్దరూ ధర గురించే కొట్టుకుంటున్నారు. ధర కన్నా ఒప్పందం లోపల ఏముందన్నదే జట్టుని ముంచుతుంది. ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో చెబుతాను.

సైనింగ్ బోనస్ చేతికి ఒకేసారి వస్తుంది, క్యాప్ మీద మాత్రం గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పడుతుంది. లవ్‌కి 75 మిలియన్లు బోనస్, అంటే ఏడాదికి 15. రెండేళ్ల తర్వాత వదిలేస్తే మిగిలిన 45 ఒక్కసారిగా మీద పడుతుంది. జూన్ 1 తర్వాత వదిలినట్టు నమోదు చేస్తే ఆ ఏడాదికి 15, మరుసటి ఏడాదికి 30 అవుతుంది. అప్పు మాత్రం తగ్గదు.

అసలు ప్రమాదం రీస్ట్రక్చర్. 40 మిలియన్ల జీతం ఉందనుకోండి. కనీస జీతంగా 1.25 ఉంచి, మిగిలిన 38.75ని బోనస్‌గా మార్చి ఐదేళ్లకు పంచితే ఏడాదికి 7.75. ఈ ఏడాది 31 మిలియన్లు చోటు దొరుకుతుంది. ఆటగాడికి నష్టం లేదు, డబ్బు ముందే వస్తుంది కాబట్టి సంతోషంగా సంతకం పెడతాడు. ఒప్పందంలో ఏళ్లు చాలకపోతే ఉత్తుత్తి ఏళ్లు చేరుస్తారు, వాటినే వాయిడ్ ఇయర్స్ అంటారు. ఇది అచ్చంగా అప్పు చేసి పప్పుకూడు. మహోమ్స్‌తో అయితే ఎలాగూ పదేళ్లుంటాడు కాబట్టి ఫర్వాలేదు. రెండేళ్ల తర్వాత ఉంచాలా వద్దా అని ఆలోచించాల్సిన వాడితో ఒక్కసారి రీస్ట్రక్చర్ చేసినా బయటపడే దారి మూసుకుపోయినట్టే.

డాలస్‌కి జరిగిందదే. 2021లో డాక్‌కి నాలుగేళ్లకు 160 మిలియన్లిచ్చినప్పుడు ట్రేడ్ చేయకూడదనీ, మళ్లీ ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసినవాణ్ని నిర్ణీత జీతానికి ఇంకో ఏడాది ఆపుకునే హక్కు) వేయకూడదనీ కూడా రాసిచ్చారు. మధ్యలో రీస్ట్రక్చర్లు. 2024కి వచ్చేసరికి వదిలేస్తే మనిషీ పోతాడు, దాదాపు 40 మిలియన్లు డెడ్ మనీ కూడా పడుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏడాదికి 60 చొప్పున నాలుగేళ్లకు 240 మిలియన్లు, అందులో 231 గ్యారంటీ అన్నది డాక్ ఆటకు కట్టిన ధర కాదు, ఆ రెండు వాక్యాలకు కట్టిన ధర.

ఇక గ్యారంటీ తేదీలు. మొత్తం గ్యారంటీ ఎంత అని చూడకండి, ఏ ఏడాది జీతం ఏ తేదీకి గ్యారంటీ అవుతుందో చూడండి. 2022 డిసెంబర్‌లో రెయిడర్స్ డెరెక్ కార్‌ని ఆఖరి రెండు ఆటలకు ఎందుకు కూర్చోబెట్టారు? సూపర్‌బౌల్ అయిన మూడో రోజున 40.4 మిలియన్లు గ్యారంటీ కాబోతున్నాయి, మధ్యలో గాయమైతే వదలలేరు. ఆ తేదీకి ఒక్కరోజు ముందు వదిలేశారు, డెడ్ మనీ ఆరు మిలియన్ల లోపే. సంతకం పెట్టిన రోజే తలుపు తెరిచి ఉంచడమంటే అదీ. 2023 చివర్లో విల్సన్, 2024 నవంబర్‌లో డేనియల్ జోన్స్ బెంచ్ మీదకెళ్లింది కూడా గాయం గ్యారంటీల భయంతోనే. జోన్స్‌కి 2025 జీతంలో 23 మిలియన్లకు ఆ గ్యారంటీ ఉంది.

మూడో డౌన్ పది గజాలు:

ఇది బాగా అర్థమైంది. అయితే రెండో ఒప్పందం దగ్గర అనుమానం ఉన్న జట్టు చేయాల్సిందేంటి? ఆగాలా?

గ్యారంటీ తేదీ:

ఫస్ట్ రౌండ్ వాడైతే ఆగొచ్చు. నాలుగేళ్ల రూకీ ఒప్పందం, ఐదో ఏడాది ఆప్షన్ (జట్టు కోరితే ఒక ఏడాది పొడిగింపు), ఆ పైన ట్యాగ్. ట్యాగ్ 2025లో క్వార్టర్‌బ్యాక్‌కి 40.2 మిలియన్లు, రెండోసారి వేస్తే 20 శాతం పెరుగుతుంది. మూడోసారి 44 శాతం పెంచాలి కాబట్టి అక్కడ ఆట ఆగిపోతుంది. కజిన్స్‌తో వాషింగ్టన్ 2016లో 19.95, 2017లో 23.94 ఇచ్చి సరిగ్గా అక్కడే ఆగిపోయింది, 2018లో అతను మిన్నెసోటాకి మూడేళ్లకు 84 మిలియన్లు పూర్తి గ్యారంటీతో వెళ్లాడు.

జాక్సన్‌విల్ 2024లో లారెన్స్‌కి 2025 ఆప్షన్ అప్పటికే తీసుకుంది, 25 మిలియన్ల పైచిలుకు. 2026కి ట్యాగ్ ఉంది. అంటే ఇంకో రెండు సీజన్లు చూసే వీలుండగానే జూన్‌లో 275 మిలియన్ల సంతకం పెట్టింది. ఆ ఏడాది అతను పది ఆటలే ఆడాడు, జట్టు 4-13. ఆగితే ధర పెరుగుతుందన్నది నిజమే, కానీ పెరిగే ధర కన్నా తప్పు మనిషికి ఇచ్చిన గ్యారంటీ పెద్దది.

గ్రీన్‌బే 2023లో చేసినది నాకు నచ్చుతుంది. లవ్ అప్పటికి స్టార్టర్‌గా దాదాపు ఆడనే లేదు. ఐదో ఏడాది ఆప్షన్ తీసుకోకుండా, 13.5 గ్యారంటీతో 22.5 దాకా పెరిగే ఒక ఏడాది పొడిగింపు ఇచ్చి చూశారు. ఒక్క సీజన్ చూసి 220 మిలియన్లిచ్చారు, అది తొందరో కాదో వేరే చర్చ.

ఎడమ టాకిల్:

ఆగడం కూడా తెలివిగా ఆగాలి. జెయింట్స్ 2022లో డేనియల్ జోన్స్ ఐదో ఏడాది ఆప్షన్ వద్దనుకున్నారు. తీసుకుని ఉంటే 2023కి 22 మిలియన్ల చిల్లరతో సరిపోయేది. అతను ఒక మంచి సీజన్ ఆడి ప్లేఆఫ్స్‌లో ఒక ఆట గెలిపించాడు. ఒకే ట్యాగ్, ఇద్దరు మనుషులు: జోన్స్, బంతితో పరిగెత్తే శాక్వాన్ బార్క్‌లీ. ట్యాగ్ గడువు ముగిసే నిమిషాల్లో జోన్స్‌కి నాలుగేళ్లకు 160 మిలియన్లు రాసి, 10.1 మిలియన్ల ట్యాగ్‌ని బార్క్‌లీకి వేశారు. మరుసటి ఏడాది బార్క్‌లీ ఫిలడెల్ఫియాకెళ్లి 2,005 గజాలు పరిగెత్తి సూపర్‌బౌల్ గెలిచాడు.

క్యాప్ లెక్కలు:

ఒక్క చేర్పు. మధ్య మెట్టుకి మధ్య ధర కూడా ఉంది, అది సొంత కుర్రాళ్లకు దొరకదంతే. జీనో స్మిత్ 2023లో మూడేళ్లకు 75, బేకర్ మేఫీల్డ్ 2024లో మూడేళ్లకు 100 మిలియన్లు, డార్నల్డ్ 2025 మార్చిలో మూడేళ్లకు 100.5. అంటే క్యాప్‌లో 11 నుంచి 13 శాతం. ముగ్గురూ డ్రాఫ్ట్ చేసిన జట్టు వదిలేసినవాళ్లే, బేరమాడే బలం తక్కువ. ఒకసారి ఎక్కడైనా విఫలమైతే ధర 33, ఎక్కడా విఫలం కాకపోతే 53. ఆటలో తేడా 20 మిలియన్లంత ఉందా? నాకైతే కనిపించదు. గోఫ్‌ని మినహాయిస్తాను, అతను రెండు వరుసల్లోనూ నిలబడ్డాడు.