కింద గదిలో కంప్యూటర్ కనపడదు, కనపడినా తెరుచుకోదు

పెన్నాగట్టు (నెల్లూరు):
కింద గదిలో డెస్క్‌టాప్, విండోస్ 10. మేడ మీద ల్యాప్‌టాప్, విండోస్ 11 ప్రో 24హెచ్2 (2024లో వచ్చిన పెద్ద అప్‌డేట్). రొయ్యల గుంటల లెక్కలున్న ఫోల్డర్‌ని డెస్క్‌టాప్‌లో షేర్ చేసి పెట్టాం. ల్యాప్‌టాప్‌లో దాని పేరే రాదు, టైప్ చేసి కొడితే 80070035 ఎర్రర్ (దారి దొరకలేదని). రెండింట్లో నెట్ శుభ్రంగా వస్తోంది. సిగ్నల్ అందక మేడ మీద ఇంకో రూటర్ పెట్టించాం.

ఒంగోలుతీగ:
ఆ చివరి మాటలోనే ఉంది అన్నా. రెండింట్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ మిషన్ నంబర్) చూడండి. కిందది 192.168.1తో, మీదది 192.168.0తో మొదలైతే అవి రెండు వేరు నెట్‌వర్కులు. కింద నుంచి వచ్చిన తీగని మేడ మీది రూటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ తీసుకునే చోట) గుచ్చి వెళ్లిపోతే ఇట్టాగే అవుతుంది. నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మేడ మీద నుంచి ఐపీ కొడితే కింది కంప్యూటర్ దొరకొచ్చు. పేర్లు మాత్రం ఆ రూటర్‌ని దాటవు, కింద నుంచి పైకి అసలు దారే లేదు.

పైన రూటర్‌లో ఏపీ మోడ్ (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా కిందిదాన్నే వైఫైగా పంచేది) ఉంటే అది పెట్టేస్తే చాలు. లేదంటే ముందు వాన్ తీగ పీకండి (రెండు వైపులా ఒకే వరస నంబర్లుంటే కొన్ని రూటర్లు ఒప్పుకోవు). దాని లాన్ (ఇంటి లోపలి వైపు) అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపి, తీగని లాన్ పోర్టులో పెట్టండి. కింది రూటర్ పంచే నంబర్లలో ఆ 2 రాకుండా చూసుకోండి.

కావలికీబోర్డు:
తీగ సరిచేశాక పింగ్ (ఆ మిషన్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొట్టి జవాబు రాలేదని కంగారు పడొద్దు, ఫైర్‌వాల్ దాన్ని ఆపేయొచ్చు. అడగాల్సింది ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టుని. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్, డెస్క్‌టాప్ ఐపీ, -పోర్ట్ 445 కొడితే ట్రూ రావాలి. ఫాల్స్ వస్తే డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ 'పబ్లిక్' అని ఉందేమో చూసి 'ప్రైవేట్' చేయండి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దాని ఫైర్‌వాల్ కూడా చూడాలి. వైఫైలో గెస్ట్ పేరుకి కలిసి ఉన్నా, రూటర్‌లో ఏపీ ఐసోలేషన్ (వైఫైలో ఉన్నవాటిని ఒకదానికొకటి కలవనివ్వనిది) ఆన్‌లో ఉన్నా ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

చీమకుర్తిరాయి:
ఇంత దేనికి? ఎస్ఎంబీ1 (ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) ఆన్ చేసి, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేస్తే అయిపోతుంది.

ఒంగోలుతీగ:
ఆ రెండూ వద్దు. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పాకింది ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే. విండోస్ 10, 11 మధ్య దాని అవసరమే లేదు, ఎక్స్‌పీ మిషన్లకి తప్ప. ఇక పాస్‌వర్డ్ తీసేస్తే గెస్ట్‌గా (లాగిన్ లేకుండా) వెళ్లాలి; 24హెచ్2 ప్రో గెస్ట్‌ని రానివ్వదు, సైనింగ్ (మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) కూడా అడుగుతుంది. రూటర్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చి షేర్ చేసుకునేవాళ్లకి 24హెచ్2 వచ్చాక ఆగిపోయేది ఇందుకే.

పెన్నాగట్టు:
తీగ మార్చాం, 445 ట్రూ వచ్చింది. ఇప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి ఏది కొట్టినా తప్పంటోంది.

కావలికీబోర్డు:
పిన్ కొడుతున్నట్టున్నారు. పిన్ ఆ ఒక్క మిషన్‌లోనే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద కాదు. పాస్‌వర్డ్ లేని అకౌంట్ కూడా చెల్లదు. డెస్క్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో పని లేకుండా ఒక లోకల్ యూజర్‌ని చేయండి, 'లెక్కలు' అనుకోండి, పాస్‌వర్డ్ తప్పనిసరి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ పర్మిషన్లోనూ సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఆ యూజర్‌కి అనుమతి ఇవ్వాలి. రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఒకచోట 'రీడ్' మాత్రమే ఉంటే ఫైలు తెరుచుకుంటుంది, సేవ్ కాదు.

ల్యాప్‌టాప్‌లో పాత వివరాలు దాగి ఉంటాయి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో డెస్క్‌టాప్ పేరుతో ఉన్నవి తీసేసి, నెట్ యూజ్ * /డిలీట్ కొట్టి, మళ్లీ లాగిన్ అవండి. యూజర్‌నేమ్ గడిలో డెస్క్‌టాప్‌పేరు\లెక్కలు అని ఇవ్వాలి. లేదంటే ల్యాప్‌టాప్ తన సొంత యూజర్ అనుకునే వీలుంది.

పెన్నాగట్టు:
తెరుచుకుంది, సేవ్ కూడా అయింది. 'నెట్‌వర్క్'లో పేరు మాత్రం ఇంకా రావట్లేదు.

కావలికీబోర్డు:
డెస్క్‌టాప్‌లో సర్వీసెస్ తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్'ని (కంప్యూటర్ పేరుని నెట్‌వర్క్‌లో చాటేది) ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి. పేరు రాకపోయినా నష్టం లేదు, ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోండి. ఐపీతో మ్యాప్ చేస్తే మాత్రం కింది రూటర్‌లో డెస్క్‌టాప్‌కి అడ్రస్ రిజర్వ్ చేయాలి. కరెంటు పోయి వచ్చాక నంబర్ మారితే మళ్లీ మొదటికొస్తారు.

ఒంగోలుతీగ:
కాపీ సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోతుంటే లింకు 100 ఎంబీపీఎస్‌లో ఉంది. గిగాబిట్‌కి తీగలోని 8 వైర్లూ కావాలి, క్రింపింగ్‌లో (తీగ చివర ప్లగ్ బిగించేటప్పుడు) 4 మాత్రమే వేసి ఉంటారు. లెక్కల ఫైళ్లకి ఇది చాలు, పెళ్లి వీడియోలకైతే క్రింపింగ్ మార్పించండి.

ఇంకోటి: ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి ఉండగా రూటర్‌కి కరెంటు పోతే, డెస్క్‌టాప్‌లో ఆ ఫైలు 'లాక్' అని రావొచ్చు. డెస్క్‌టాప్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్‌లోకి వెళ్లి దాన్ని క్లోజ్ చేయండి. ల్యాప్‌టాప్‌లో సేవ్ కాని లెక్క ఏమైనా ఉందేమో ముందు అడిగి చేయండి.