డబ్బు రాని కోడ్ మన పిల్లలు ఎందుకు రాయాలి?

విజయనగరం, ఇంజినీరింగ్ విద్యార్థిని:
కోడ్ అందరికీ కనపడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, మనం పంపిన కోడ్ మార్పులు (పుల్ రిక్వెస్టులు) కనీసం రెండు ఒప్పుకుని కలుపుకుంటేనే (మెర్జ్ అయితేనే) మినీ ప్రాజెక్టు మార్కులు వేస్తామని మా కాలేజీలో కొత్త రూలు పెట్టారు. నేను ఎప్పుడు ఉద్యోగంలో చేరతానా అని ఇంట్లో ఎదురుచూస్తున్నారు. పెద్ద కంపెనీలు వాడుకునే సాఫ్ట్‌వేర్‌కి నేను ఊరికే పనిచేయడం న్యాయమేనా? ఆ టైం ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్‌కి పెట్టుకోకూడదా?

పలాస, టెస్టింగ్ ఉద్యోగి:
పెట్టుకో చెల్లీ. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో ఎక్కువ పని చేసేది కంపెనీల దగ్గర జీతం తీసుకునే ఇంజినీర్లే. వాళ్ళకి జీతం, మనకి సేవాభావమా? ఇల్లు గడవడమే కష్టమైన పిల్లలకి ఈ మాట చెప్పడం నాకు నచ్చదు. ఉద్యోగం వచ్చాక శని, ఆదివారాల్లో చేసుకోవచ్చు.

శ్రీకాకుళం, తెలుగు లోకలైజేషన్ పనిలో ఉన్నవాణ్ణి:
ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. ఆ రూలు తప్పు, పని తప్పు కాదు.

రూలు ఎందుకు తప్పంటే, 2020లో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇచ్చిన కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్‌లో ఇదే జరిగింది. టీషర్టు కోసం జనం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్ళలో ఓ మాట అటూ ఇటూ మార్చి వేలకొద్దీ పుల్ రిక్వెస్టులు పంపారు. చివరికి, మాకు ఇష్టమే అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు నడిమధ్యలో నిబంధన మార్చాల్సి వచ్చింది. టీషర్టు బదులు మార్కులు పెడితే వేరే ఫలితం రాదు. ఆ పుల్ రిక్వెస్టులన్నిటినీ తెరిచి చూసి మూసేది చాలాచోట్ల ఆఫీసు అయ్యాక, జీతం లేకుండా కూర్చునే మనిషే. ఆ మనిషి టైంకి విలువ లేదా?

ఇక పని సంగతి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనపడని ఓ గుర్తు ఉన్న మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ ఆగిపోయేది. యాపిల్ నుంచి iOS 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా తెలుగువాళ్ళం కూడా చూస్తూ కూర్చోవాల్సిందే, ఎందుకంటే ఆ కోడ్ మనకి కనపడదు. అదే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం హార్ఫ్‌బజ్ చూడండి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో మన ఒత్తులు సరిగ్గా కూర్చోవడానికి వాడేది దాన్నే. కోడ్ అందరి ముందూ ఉంది. ఒత్తు తప్పితే చదివి పట్టుకోగలిగేది మనమే.

అమ్మా, ఓ చిన్న పరీక్ష చేసి చూడు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనపడని ఓ అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటుంది; పక్కనున్న ‘వ’ని ఒత్తుగా మారనివ్వదు. అది ఉన్న మాటనీ లేని మాటనీ నువ్వు రోజూ వాడే ప్రోగ్రాంలో పక్కపక్కన టైప్ చేసి, ఒకటి వెతుకు. రెండోది దొరక్కపోతే అది బగ్. వెర్షన్, ఫాంటు పేరు, నువ్వు టైప్ చేసిన మాట (స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, మాట కూడా కాపీ చేసి పెట్టాలి), ఏం రావాలి, ఏం వచ్చింది, ఆ ప్రోగ్రాం తయారుచేసేవాళ్ళకి పంపే రిపోర్టు ఇంతే. పైగా మన జిల్లాల పెద్దలు గిడుగు, గురజాడ పేర్లు పెట్టిన ఓపెన్ లైసెన్సు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటితో మొదలుపెట్టు.

పలాస, టెస్టింగ్ ఉద్యోగి:
రూలు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మాస్టారూ, ఈ రిపోర్టు చూసి ఉద్యోగం ఇచ్చేదెవరు?

బొబ్బిలి, ప్రస్తుతం బెంగళూరు:
నేను ఇంటర్వ్యూలు చేస్తాను. రెజ్యూమెలో ఎన్ని పుల్ రిక్వెస్టులు ఉన్నాయో లెక్కపెట్టను. ఒక్కటి తెరిచి, రివ్యూలో అడిగిన ప్రశ్నలకి ఎలా జవాబిచ్చారో చదువుతాను. క్యాంపస్ టెస్టు గట్టెక్కాలంటే ప్రాక్టీసు తప్పదు, అది మానొద్దు. డబ్బు కావాలంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఉంది. 2005 నుంచి నడుస్తోంది, స్టైపెండ్ ఇస్తారు. అయితే దరఖాస్తుకి ముందే ఆ ప్రాజెక్టులో కొంత పనిచేసినవాళ్ళకే అవకాశం ఎక్కువ.

విజయనగరం, ఇంజినీరింగ్ విద్యార్థిని:
పరీక్ష చేశాను సార్, రెండోది దొరకలేదు. కానీ రిపోర్టు ఇంగ్లీషులో రాయాలంటే టెన్షన్‌గా ఉంది.

శ్రీకాకుళం, తెలుగు లోకలైజేషన్ పనిలో ఉన్నవాణ్ణి:
చిన్న చిన్న వాక్యాలు చాలమ్మా. రాసేముందు ఇదే బగ్ ఇంకెవరైనా చెప్పారేమో వెతుకు. ఉంటే కొత్తది తెరవకుండా, నీ వెర్షన్‌లోనూ అలాగే ఉందని అక్కడే రాయి.